హౌసింగ్ విప్పించే ముందు: పాత జిప్సీలో ఊళ, వణుకు ఎక్కడివో పట్టుకోవడం

తమ్ముడూ, మీరు చెప్పింది ముందు నా మాటల్లో చెప్పుకుంటా, తప్పుంటే దిద్దండి. 2003 మారుతి జిప్సీ కింగ్, మీరు మూడో ఓనరు. అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద తిరుగుతుంది, వారానికోసారి కావలి నుంచి నెల్లూరికి హైవే ఎక్కుతుంది. మూడు బాధలు. 60 దాటగానే వెనకనుంచి ఊళ, దాంతోపాటు సీటు కింద సన్నటి వణుకు, 75 దాటితే కాస్త తగ్గినట్టుంటుంది. రెండోది, ఆగినచోటునుంచి కదిలించేటప్పుడు ‘టక్’ మని ఒక దెబ్బ, ఆపైన బండి నాలుగడుగులు దడదడలాడటం. మూడోది, ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి సిమెంటు రోడ్డు మీద మలుపు తిప్పితే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకున్నట్టు బండి బిగుసుకుపోవడం. మెకానిక్ ఒక రౌండు తిప్పుకొచ్చి ‘క్రౌను పినియను పోయింది, హౌసింగ్ దించాలి’ అన్నాడు. హౌసింగంటే ఇరుసు మధ్య ఉబ్బెత్తు డబ్బా, క్రౌనూ పినియనూ అంటే అందులో షాఫ్టు తిప్పుడును చక్రాలవైపు మళ్ళించే పళ్ళ జత. ఇంత చెప్పి ఆఖర్లో, అదేదో సంబంధం లేని సంగతి అన్నట్టు, మూడు నెలల కిందట ఎత్తు కోసం పొడుగు షాకిళ్ళు (స్ప్రింగు కట్ట చివరను చాసిస్‌కు వేలాడదీసే ఇనుప పట్టీలు) వేయించానన్నారు. నేను అక్కడ ఆగి మళ్ళీ మొదటికొచ్చా.

హౌసింగ్ ఇప్పుడే విప్పించకండి. మీ మెకానిక్ చెప్పింది తప్పని ఇక్కడ కూర్చుని నేను అనలేను, పినియను పోయే ఉండొచ్చు. కానీ ఒక్క రౌండులో అది తేలే సంగతి కాదు. చప్పుడు గట్టిగా వినపడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. జిప్సీ వెనకభాగం ఖాళీ రేకు డబ్బా, పైన గుడ్డ టాపు. ముందు ఏది మోగినా చాసిస్ మీదుగా పోయి అక్కడ మోగుతుంది. గుళ్ళో మైకు ఒకచోట, హారను వేపచెట్టు మీద ఉన్నట్టు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు, చేతులు కాల్చుకున్నా. షెడ్డు పెట్టిన కొత్తల్లో చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగే జీపొకటి వచ్చింది. వెనక ఊళ. నేనూ మీ మెకానిక్ లాగే ఒక రౌండు తిప్పి, క్రౌను పినియను సెట్టు తెప్పించి, రెండు రోజులు కూర్చుని పళ్ళు కలిపా. బండి రోడ్డెక్కితే ఊళ అట్టానే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. ఆఖరికి చూస్తే వెనక టైర్లు రాళ్ళ మీద తిరిగి తిరిగి రంపపు పళ్ళలాగా అరిగున్నాయి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారిస్తే ఊళ కూడా ముందుకొచ్చింది. సెట్టు డబ్బులు ఓనరు దగ్గర తీసుకోలేకపోయా. అప్పటినుంచి నేను ముందు స్పానరు పట్టుకోను, లెక్క పట్టుకుంటా.

లెక్క ఏందంటే, బండిలో తిరిగే ప్రతిదీ తన వేగంతో తాను తిరుగుతుంది. మీ 205/70 15 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు రెండు మీటర్లు పోతుంది. 60 వేగంలో సెకనుకు పదహారున్నర మీటర్లు, అంటే చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు. హౌసింగులో నాలుగుకు కాస్త తక్కువ తగ్గింపు కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (వెనక ఇరుసుకు బలం మోసుకెళ్ళే పొడుగు గొట్టం) సెకనుకు 31, 32 చుట్లు. జిప్సీలో ఇంకో విశేషం ఉంది. దాని ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే డబ్బా) గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, మధ్యలో పొట్టి షాఫ్టు పెట్టి విడిగా రబ్బర్ల మీద వేలాడదీశారు. మామూలు రోడ్డుకు వాడే హై రేంజిలో కూడా అది వేగాన్ని 1.4 వంతున తగ్గిస్తుంది. కాబట్టి అదే 60లో ఆ పొట్టి షాఫ్టు సెకనుకు 44 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో ఇంజనూ అంతే, నిమిషానికి 2,600 పైన. ఐదో గేరులో ఇంజను 2,100 దగ్గరికి దిగుతుంది, మిగతావేవీ మారవు.

ఈ చివరి వాక్యంలోనే సగం వైద్యం ఉంది. 62 దగ్గర ఊళ వస్తోందా? నాలుగో గేరులో 62, ఐదో గేరులో 62 పట్టి చూడండి. ఊళ శ్రుతి మారకుండా అట్టానే ఉంటే ఇంజనుకు, క్లచ్చికి, గేర్‌బాక్సు ముందు బేరింగుకు సంబంధం లేదు. గేరు మారగానే శ్రుతి మారితే వెనక్కి చూడాల్సిన పనే లేదు. తర్వాత అదే వేగంలో క్లచ్చి తొక్కి న్యూట్రల్ చేసి వదిలేయండి. వణుకు అట్టానే ఉంటే చక్రాలు, టైర్లు, డ్రమ్ములు, షాఫ్టు బ్యాలెన్సు. న్యూట్రల్ చేయగానే మాయమైతే బరువు మోసేటప్పుడే వస్తోందన్నమాట: పళ్ళు, క్రాసులు (షాఫ్టు చివర వంగనిచ్చే ప్లస్సు ఆకారపు కీళ్ళు), రబ్బర్లు. మూడోసారి యాక్సిలరేటరు తొక్కుతూ ఒకసారి, వదిలేస్తూ ఒకసారి, వేగం పెరగకుండా తగ్గకుండా ఊరికే మోస్తూ ఒకసారి 55 నుంచి 75 దాకా వినండి. తొక్కినప్పుడు ఊళ పెట్టి వదలగానే ఆగిపోయేది, లేదా వదిలినప్పుడు మాత్రమే మొదలయ్యేది, అది పళ్ళ గుణం. ఒకే తీరున గొణుగుతూ వేగంతోపాటు పెరిగేది బేరింగు గుణం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నిదానంగా ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి వాల్చండి. ఒకవైపు వాల్చినప్పుడు గొణుగుడు పెరిగి రెండోవైపు తగ్గితే చక్రం బేరింగు. బరువు పడ్డ వైపుదే తరచుగా దోషి.

పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఇవన్నీ కాగితం మీద రాయించండి. నడిపేవాడు ఒకచేత్తో రాసుకోకూడదు, హైవే మీద లారీలు మీ చెవి పరీక్ష కోసం ఆగవు. ఫోనులో వణుకు కొలిచే యాప్‌లు వచ్చాయిప్పుడు. సీటు బోల్టు దగ్గర నేలకు ఆనించి పెడితే సెకనుకు ఎనిమిది వణుకుల దగ్గర ముల్లు లేచిందా, 32 దగ్గర లేచిందా చూపిస్తాయి. ఎనిమిదైతే చక్రం, 32 అయితే షాఫ్టు బ్యాలెన్సు. 64 దగ్గర లేస్తే షాఫ్టు కోణాలు, ఎందుకో కింద చెప్తా. కొన్ని ఫోన్లు 50 పైన చూపించలేవు, దానికి చెవే గతి.

అన్నిటికంటే ముందు మీరు చేయాల్సింది బండి కడగడం. నవ్వకండి. గుంట గట్ల మీద ఉండే నల్లమట్టి చక్రం లోపలి వైపు రిమ్ముకు పట్టి, ఎండకు పెంకులాగా గట్టిపడుతుంది. ఒకవైపు అరకిలో ముద్ద ఉంటే చాలు, హైవే మీద 60లో చక్రం చిందులేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు మీద కూడా అంతే. విడవలూరు నుంచి వచ్చిన ఒక బండికి అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు రెండూ చేయించి వచ్చారు, తగ్గలేదన్నారు. బ్యాలెన్సింగు చేసినవాడు మట్టితో సహా బరువులు కొట్టాడు, వానలో మట్టి కరిగాక ఆ బరువులే బరువైపోయాయి. రిమ్ము లోపల పుల్లతో గీకి, కిందపడుకుని షాఫ్టులు తుడిచి, ఆ తర్వాతే పై పరీక్ష చేయండి.

ఇక షాఫ్టులు. నా లెక్కలో మీ మొదటి రెండు బాధలూ ఇక్కడే ఉన్నాయి, అందుకే కాస్త సాగదీసి చెప్తా.

క్రాసు పెట్టిన షాఫ్టు వంకరగా తిరిగినప్పుడు రెండు చివర్లూ ఒకే తీరున తిరగవు. ఇటునుంచి సమంగా తిప్పినా అటుచివర ప్రతి చుట్టుకూ రెండుసార్లు పరిగెత్తి రెండుసార్లు నీరసపడుతుంది. పది డిగ్రీల వంకరలో ఈ తేడా నూటికి ఒకటిన్నర అటూఇటూ, ఇరవై డిగ్రీల్లో ఆరు. అంటే వంకర రెట్టింపైతే బాధ నాలుగింతలు. దీనికి మందుగానే రెండో చివర ఇంకో క్రాసు పెడతారు. మొదటిది పాడుచేసినదాన్ని రెండోది అంతే ఎదురుగా పాడుచేసి సరిచేస్తుంది. కానీ రెండు షరతులు. షాఫ్టు రెండు చివర్ల చెవులూ (క్రాసును పట్టుకునే కొమ్ములు) ఒకే గీతలో ఉండాలి. రెండు చివర్ల వంకరా సమానంగా ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా చుట్టుకు రెండు వణుకులు వెనక హౌసింగును కుదిపేస్తాయి. సెకనుకు 32 చుట్లకు 64 అంటే అదే. అది చెవికి ఊళలాగే వినపడుతుంది, అందుకే పినియను మీద నింద పడుతుంది.

మొదటి షరతు మన షెడ్లలో రోజూ తప్పుతుంది. గ్రీజు పెట్టడానికో, క్రాసు మార్చడానికో షాఫ్టు మధ్యలో ఒకదాన్లో ఒకటి జారే పళ్ళ గొట్టం, స్ప్లైను, ఊడదీస్తారు, కుర్రాడు గుర్తు పెట్టడు, బిగించేటప్పుడు ఏ పన్నులో పడితే ఆ పన్నులో తోస్తాడు. రేపు కిందపడుకుని చూడండి. ముందు చెవులు పైకీ కిందికీ ఉన్నప్పుడు వెనక చెవులు కూడా పైకీ కిందికీ ఉన్నాయా? ఒక్క పన్ను పక్కకున్నా కంటికి తెలుస్తుంది. తప్పుంటే విప్పి సరిచేయడం గంట పని, ఖర్చు టీ నీళ్ళు. విప్పే ముందు షాఫ్టుకు, అది బోల్టులతో బిగిసే గుండ్రటి బిళ్ళకు, అంటే ఫ్లాంజికి కలిపి ఉలితోనో, తెల్ల పెయింటుతోనో గీత కొట్టండి. సుద్దతో గీస్తే గ్రీజు చేతికే పోతుంది.

రెండో షరతు మీ పొడుగు షాకిళ్ళు తప్పించాయి. వెనక కమాను కట్ట (పట్టీల స్ప్రింగు) ముందుచివర చాసిస్‌కు కట్టేసి ఉంటుంది, వెనకచివర షాకిలు మీద ఊగుతుంది. షాకిలు పొడుగైతే కట్ట వెనకచివర కిందికి దిగుతుంది, కట్టతోపాటు హౌసింగు కూడా తిరిగి పినియను ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు పినియను దగ్గర వంకర తగ్గిపోయి ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర వంకర పెరుగుతుంది. ఒకటి పాడుచేసినదాన్ని ఇంకొకటి సరిచేయలేదు. కొలవడం తేలిక. ఫోనులో వాలు చూపించే యాప్ తెరిచి, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లాంజి ముఖానికి ఆనించి అంకె రాసుకోండి, పినియను ఫ్లాంజి ముఖానికి ఆనించి అంకె రాసుకోండి. రెండు ముఖాలూ ఒకే వాలులో ఉండాలి, ఒక డిగ్రీ లోపు తేడా అయితే పట్టించుకోను. బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే కొలవాలి. చాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తితే హౌసింగు కిందికి వేలాడి అన్ని కోణాలూ మారిపోతాయి, లేని చప్పుళ్ళు కూడా పుట్టుకొస్తాయి.

తేడా ఎక్కువుంటే, నా సలహా అడిగితే, షాకిళ్ళు పీకి పాతవి వేయండి. ఎత్తు తప్పదనుకుంటే కట్టకూ హౌసింగుకూ మధ్య ఒకవైపు పలచగా ఒకవైపు మందంగా ఉండే వాలు ప్లేట్లు వేసి ముక్కు దించాలి. ఇనుపవి వేయించండి, అల్యూమినియం ముక్కలు నలిగి యూ బోల్టులు వదులవుతాయి. ముందు షాకిళ్ళు కూడా మార్చి ఉంటే ఇంకో తలనొప్పి: ముందు ఇరుసు తిరిగి, స్టీరింగు వదిలితే తనంతట తాను నిలబడే గుణం తగ్గుతుంది. 60లో బండి అటూఇటూ వెతుక్కుంటూ పోతోందా? మీరు చెప్పలేదు గానీ ఉండాలి.

క్రాసులు చూసే పద్ధతి అందరికీ తెలిసిందే, కానీ తప్పుగా చూస్తారు. షాఫ్టు పట్టుకుని గుండ్రంగా తిప్పితే వచ్చే వదులు క్రాసుది కాదు, హౌసింగు పళ్ళ మధ్య ఉండే సహజమైన వదులు కూడా కలిసి వస్తుంది. బండి చక్రాలకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్ చేసి, షాఫ్టును పైకీ కిందికీ ఎత్తండి, ఆ ఊపులో క్రాసు కొమ్ము చివర ఉండే బేరింగు కప్పు దగ్గర వెంట్రుకవాసి కదిలినా క్రాసు పోయినట్టే. కప్పు అంచున కుంకుమలాంటి ఎర్రపొడి కనిపిస్తే లోపల సూదులు తుప్పుపట్టి పొడైపోతున్నాయి. ఉప్పునీళ్ళ గుంటల మీద తిరిగే బండికి ఇది జబ్బు కాదు, వయసు. నిదానంగా పోయేటప్పుడు పిచ్చుక కిచకిచలాడినట్టు వినిపిస్తే ఎండిపోయిన క్రాసే. గ్రీజు నిప్పిలు ఉన్న రకం వేయించి గుంటల్లో తిరిగిన ప్రతి వారం కొత్త గ్రీజు నాలుగు కప్పులనుంచీ బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడు షాఫ్టులు, ఆరు క్రాసులు. పొట్టి షాఫ్టు క్రాసులను అందరూ మర్చిపోతారు. అన్నిటికంటే వేగంగా తిరిగేది అదే.

ఆ పొట్టి షాఫ్టును నిలబడ్డ బండిలోనే పరీక్ష చేయొచ్చు. చేతి బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్లో పెట్టండి. ఇప్పుడు నాలుగో గేరు వేసి క్లచ్చి వదిలితే బండి కదలదు గానీ గేర్‌బాక్సు, పొట్టి షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసులో లోపలికొచ్చే పళ్ళు తిరుగుతాయి. 60 వేగంలో వినపడే ఇంజను శబ్దం వచ్చేదాకా యాక్సిలరేటరు నొక్కండి. ఇక్కడే వణికితే వెనక హౌసింగుకు దండం పెట్టి వదిలేయండి, అది నిర్దోషి. ఇక్కడ ప్రశాంతంగా ఉంటే ముందు సగం నిర్దోషి. ఇంజను తిరుగుతుండగా ఎవరూ కింద దూరకూడదు. ఈ ఒక్క పరీక్ష కోసమే నాకు జిప్సీ అంటే ఇష్టం.

కదిలేటప్పుడు వచ్చే దడ గురించి. ట్రాన్స్‌ఫర్ కేసు మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుందన్నా కదా. ఇరవై ఏళ్ళకు ఆ రబ్బరు పగిలి, నూనె తాగి మెత్తబడుతుంది. మొదటి గేరులో క్లచ్చి వదలగానే కేసు ఒక పక్కకు మెలి తిరుగుతుంది, పొట్టి షాఫ్టు కోణం ఆ క్షణంలో పెరిగిపోతుంది, నాలుగడుగులు పోయాక బరువు తగ్గి కేసు యథాస్థానానికి వస్తుంది. మీరు చెప్పిన ‘టక్, దడదడ, ఆ తర్వాత ఏమీ లేదు’ అచ్చంగా ఇదే. గడ్డపార ఊచతో కేసును పక్కకు నెట్టి చూడండి. రబ్బరు ఇనుమునుంచి విడిపోయి నోరు తెరిస్తే మూడూ కలిపి మార్చండి, ఒక్కటే మారిస్తే కొత్తది పాతవాటి బరువు కూడా మోసి ఆరు నెలల్లో పోతుంది. టైరు ముక్క కోసి పెట్టే ఉపాయం మన దగ్గర ఉంది. నేనూ చేశా. వారం బాగుంటుంది.

మూడో బాధ జబ్బే కాదు. జిప్సీలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు, ఫోర్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో కట్టేసినట్టు తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. పెన్న ఇసుకలోనో, బురద గట్టు మీదో అయితే చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. సిమెంటు రోడ్డు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో చుట్టుకుంటుంది. లీవరు ఊడిరాదు, ఊడితే ఫట్ మంటుంది. గట్టి రోడ్డు మీద ఫోర్ వేయకండి, పొరపాటున బిగిస్తే నాలుగు గజాలు వెనక్కి తోలండి, వదులవుతుంది. ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. నేరుగా పోయేటప్పుడు కూడా బిగిస్తుంటే, ముందు ఒక సైజు టైరు వెనక ఒక సైజు ఉండాలి, లేకపోతే మీకు ముందటి ఓనర్లెవరో పాత సామాను కొట్లోంచి వేరే రేషియో (పళ్ళ లెక్క వేరుగా ఉన్న) హౌసింగు తెచ్చి ముందో వెనకో ఒక ఇరుసుకే బిగించి ఉండాలి. మిలిటరీ వేలంలో వచ్చిన బండ్లలో, రెండు మూడు బండ్లు కలిపి ఒకటి చేసినవాటిలో ఇది చూశా. చక్రం ఒక చుట్టు తిప్పి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ముందూ వెనకా లెక్కపెడితే తేలిపోతుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ ఒకేసారి తిరిగేలా చూసుకోవాలి, ఒక్కటే తిప్పితే లెక్క సగానికి వస్తుంది.

ముందు భాగం క్లుప్తంగా చెప్తా, మీ బాధ అక్కడ లేదు కాబట్టి. స్టీరింగు పూర్తిగా తిప్పి మట్టిలో ఫోర్ వేసి నిదానంగా పోతే టిక్ టిక్ మంటే ముందు ఇరుసు చివర గోళీల జాయింటు అరిగింది. స్టీరింగు దడదడ కొట్టుకుంటే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు మేకు) బేరింగులు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి, ఊగితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకుతో ఊపు పోతే చక్రం బేరింగు, పోకపోతే కింగ్‌పిన్. చక్రాన్ని తిప్పుతూ కమాను కట్ట మీద వేళ్ళు పెడితే గరుకు బేరింగు గరగర వేళ్ళకు తెలుస్తుంది, చెవికంటే వేళ్ళు నమ్మకం. మీ బండి ముందు హబ్బులకు తిప్పే బిళ్ళలు ఉంటే ఫ్రీ వైపు తిప్పి పెట్టండి, టూ హైలో (వెనక చక్రాలే లాగే గేరులో) ముందు షాఫ్టు నిద్రపోతుంది. బిళ్ళలు లేకుండా ఫ్లాంజి బిగించి ఉంటే ముందు షాఫ్టు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, దాన్నీ అనుమానితుల్లో చేర్చండి.

నూనె సంగతి వదిలేయలేను. హౌసింగు మీద గాలి పోవడానికి చిన్న బ్రీదరు ఉంటుంది, మట్టితో మూసుకుపోతుంది. హైవే మీద వేడెక్కిన హౌసింగు గుంట నీళ్ళలో దిగగానే చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదరు మూసుకుని ఉంటే సీళ్ళలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. కింద బిరడా విప్పి పాత గ్లాసులో కొంచెం పట్టండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. బిరడాకు అయస్కాంతం ఉంటే, దానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలే. వేళ్ళ మధ్య రుద్దితే చమ్కీల్లాగా రేకులు తగిలితే, బియ్యపు నూకంత ముక్కలు కనిపిస్తే, అప్పుడు మీ మెకానిక్ గెలిచాడు. హౌసింగులో జీఎల్-5 నూనె పోయాలి. మిగిలింది కదా అని అదే తెచ్చి గేర్‌బాక్సులో పోయకండి, ఆ నూనెలో కలిపే మందు గేర్‌బాక్సు ఇత్తడి రింగులకు పడకపోవచ్చు.

ఇంకో ప్రశ్న మీరే వేసుకోండి: ఊళ మొదలవకముందు ఎవరైనా పినియను సీలు మార్చారా? అక్కడ నట్టు కింద లోపల నలిగే స్లీవు ఉంటుంది. నట్టును గన్నుతో కుర్రుకుర్రుమని బిగించేస్తే స్లీవు ఎక్కువ నలిగి బేరింగులు బిర్రెక్కుతాయి, పళ్ళ కలయిక జరుగుతుంది, నెలలో ఊళ మొదలవుతుంది. సీలు కారడం ఆపబోయి పినియనే పోగొట్టుకున్న బండ్లు నాకు చాలా తెలుసు.

ఆఖరి పరీక్ష వెనక షాఫ్టు విప్పేయడం. ముందు చివర నాలుగు బోల్టులు, వెనక చివర నాలుగు. గీతలు కొట్టి విప్పి బండిలో పడేయండి. హబ్బులు లాక్ చేసి ఫోర్ హై వేస్తే జిప్సీ ముందు చక్రాల బండి అయిపోతుంది. ఖాళీ రోడ్డు మీద నేరుగా, మెత్తగా, రెండు మూడు కిలోమీటర్లు చాలు. వణుకు పోయిందా, అయితే షాఫ్టో దాని కోణమో. గొణుగుడు అట్టానే ఉందా, అయితే ఎక్కువగా టైరో చక్రం బేరింగో, ఎందుకంటే అవి ఇంకా తిరుగుతున్నాయి. ముందునుంచి కొత్త ఊళ ఏదైనా వినపడితే కంగారుపడకండి, ముందు హౌసింగు పని చేయడం మీరు మొదటిసారి వింటున్నారు. షాఫ్టు బయటున్నప్పుడే పినియను ఫ్లాంజి పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ లాగండి. ఏ కదలికా ఉండకూడదు. గుండ్రంగా తిప్పితే మాత్రం ఒక పిసరు వదులు ఉండాలి, అది పళ్ళకు ఊపిరాడే జాగా, మిల్లీమీటరులో పదో వంతు లెక్క. ముందుకూ వెనక్కూ కదిలిందంటే పినియను బేరింగు పోయింది, ఇక వాదన లేదు. షాఫ్టు లేకుండా బండి నిలిపేటప్పుడు గేరులో వదిలేసి పోకండి, రాయి పెట్టండి.

షాఫ్టు బ్యాలెన్సు మీద అనుమానం మిగిలితే ఒక షెడ్డు ఉపాయం. రెండు హోసు క్లిప్పులు షాఫ్టు వెనకచివర బిగించి, తలలు రెండూ ఒకేవైపు ఉంచి తోలి చూడండి. పెరిగితే అటువైపు కాదు. పావు చుట్టు చొప్పున జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. తగ్గితే బ్యాలెన్సే దోషి, షాఫ్టు లేతు పనివాడి దగ్గరికి పంపండి. ఏ చోటా తేడా రాకపోతే బ్యాలెన్సు కాదు.

మీ బండి నా షెడ్డులోకి వస్తే వరస ఇది. మొదటి రోజు కడుగుడు, టైర్లు ముందువెనక మార్పు, కాగితం పెట్టుకుని హైవే మీద పరీక్ష. మధ్యాహ్నం చెవుల గీత, రెండు ఫ్లాంజీల వాలు. రెండో రోజు పాత షాకిళ్ళు, మూడు రబ్బరు మౌంటింగులు, ఎర్రపొడి కనిపించిన క్రాసులు. మూడో రోజు మళ్ళీ అదే రోడ్డు, అదే వేగం, అదే కాగితం. అప్పటికీ తొక్కినప్పుడు మాత్రమే ఊళ పెడుతూ ఉంటే హౌసింగు విప్పించండి. దగ్గరుండి విప్పించండి. క్రౌను పక్కల సందు సరిచేయడానికి పెట్టే పలచటి రింగులు, షిమ్ములు, ఎడమవి ఎడమకు, కుడివి కుడికి విడివిడిగా దారం కట్టి పెట్టించండి. క్రౌనూ పినియనూ జతగానే మార్చమనండి, పాతదానికి ఎన్ని పళ్ళున్నాయో కొత్తదానికీ అన్నే ఉన్నాయని డబ్బులిచ్చే ముందే కొట్లో లెక్కపెట్టండి.